తపన్ దాదా రాయని ఉత్తరం

తాల్‌బగీచా,
ఖరగ్‌పూర్.

వదినగారికి,

మీరు మా పెళ్లికి ముహూర్తం పెట్టించే ముందు ఒక మాట చెప్పాలి. మీ తమ్ముణ్ణి రైలింజను మీంచి దించి ఆఫీసులో కూర్చోబెట్టడానికి కారణం, అందరూ అనుకుంటున్నట్టు తపన్ దాదా కాదు.

అతనికి మూర్ఛ వస్తుందని అప్పట్లో ఇద్దరికే తెలుసు. డ్యూటీలో తోడుండే బెంగాలీ అన్న, తపన్ దాదా, ఒకసారి చూశాడు. రెండో మనిషిని నేను. "ఎవలికీ సెప్పకు. ఇంజను ఎక్కనీకపోతే నానేటైపోతాను?" అని అతను అంటే ఒట్టు వేశాను. నెల తిరక్కుండా మా ఇంట్లో అన్నం తింటూ మళ్లీ పడిపోయాడు. ఆ రోజు చేతిలో ఉన్నది అన్నం ముద్ద కాబట్టి సరిపోయింది. బండి నడుపుతూ ఉంటే? మర్నాడే, పేరు రాయకుండా ఆఫీసుకు ఉత్తరం పంపాను.

ఇప్పుడు మందులు వేసుకుంటున్నాడు, మూర్ఛ రావడం లేదు. కానీ ఇంజను కూత వినబడితే మాట్లాడుతున్నవాడు ఆగిపోతాడు. తపన్ దాదా ఎదురైతే సైకిలు పక్కసందులోకి తిప్పేస్తాడు.

నిజం తెలిస్తే అతను నాకు దక్కడు. దాచి పీటల మీద కూర్చోలేను. ఈ ఉత్తరం మీరే అతనికి చూపించండి.

నిన్న మా గుమ్మంలో కూర్చుని, "ఆ దాదా నా పొట్ట కొట్టినాడు. నువ్వూ ఒక తిట్టు తిట్టు" అన్నాడు.

తపన్ దాదాని పేరు పెట్టి తిట్టాను, వదినగారూ.