మన క్వార్టర్లో నర్సరీ ఏటి?

వినీతా, కాలేజీ నుంచి రాగానే వరండాలో కుండీలన్నీ పెరట్లోకి మార్చు. తరవాత ఫోన్‌లో మ్యాపులో మీ అమ్మ మొక్కల నర్సరీ గుర్తు సరిచెయ్యి. నర్సరీ ఝపటాపూర్‌లో ఉంటే, మ్యాపు ట్రాఫిక్ కాలనీలో మన క్వార్టర్‌ని చూపిస్తంది. ఆ గుర్తు ఇంట్లో కూర్చుని పెట్టినావు కదా, అదీ సంగతి.

ఇందాక ఒక బెంగాలీ ఆయన వచ్చినాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. "దాదా, నర్సరీ ఇదేనా?" అని మ్యాపులో మన ఇల్లే చూపించినాడు. రైల్వే క్వార్టర్లో యాపారం చేస్తన్నామని ఎవరో చెప్పి పంపినారు, ఇన్‌స్పెక్టరే అనుకున్నాను. "నర్సరీ లేదు, గిర్సరీ లేదు" అని గేటేసినాను. మళ్ళీ ఎవరొచ్చి అడిగినా నువ్వు ఏటీ తెలీదను. క్వార్టర్ పోతే ఎక్కడుంటాం?

మ్యాపులో పెడితే బేరాలే బేరాలన్నావు. రెండు నెలలైంది, అమ్మకి ఒక్క బేరం రాలేదు. వచ్చింది ఈయనే.

షిఫ్టుకి టైమైపోయింది. చేపల పులుసు మూతేసి ఉంది, తిను.

నాన్న

ఇంకో మాట. ఆయన పోతా పోతా గేటు పక్క మందార ఆకు తిరగేసి, అడుగున పురుగుందేమోనని చూసినాడు. ఇన్‌స్పెక్టర్లు అలా చూడరు కదమ్మా?