ఇంట్లో మాట్లాడే భాష

జహ్రా, శుక్రవారం

కాలేజీ ఆఫీసు కుక్కుటేశ్వరరావు సారుకు వెంకటేశ్వరి నమస్కారాలతో రాసేది.

జహ్రాలో కువైటీల ఇంట్లో పనిచేస్తూ, అబ్బాసియాలో మీ కాలేజీలో రోగుల సేవ కోర్సుకు చేరాను. సర్టిఫికెట్టు వస్తే రాయచోటి ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు. పంతొమ్మిదేళ్ల పాచిపని ఖలాస్! నాకు సెలవు శుక్రవారం ఒక్కటే. తెలుగువాళ్ల క్లాసూ ఆరోజే. తీరా వస్తే నా పేరు మంగళవారం అరబ్బీ క్లాసులో ఉంది. ఆరోజు నేనొస్తే ఇక్కడ వంట మీరొచ్చి చేస్తారా? వెంటనే మార్చండి.

విసిగిపోయిన
వెంకటేశ్వరి

తా.క.: మీ వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు. భయమేసింది.

అబ్బాసియా, ఆదివారం

వెంకటేశ్వరి గారికి కుక్కుటేశ్వరరావు వ్రాయునది.

తప్పు మాది కాదండి. ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష అరబ్బీ అని మీరే రాశారు. రెండంతస్తుల ఇల్లు, ఇంట్లో పన్నెండుమంది అన్నారు. పైగా ఇక్కడి ఆడవాళ్లు వేసుకునే నల్ల అబాయాలో దిగిన ఫోటో! కువైటీ అనుకోక ఏమనుకోమంటారు? మా దగ్గర పది దేశాల విద్యార్థులున్నారని కరపత్రం అచ్చయిపోయింది. ఆ పదో దేశం మీరే. శుక్రవారం ఇప్పటికే పద్నాలుగుమంది తెలుగువాళ్లు. ఇంకొకరిని కలిపితే వైవిధ్యం దెబ్బతింటుందని మేనేజరు గారు ఒప్పుకోవడం లేదు. మూడు క్లాసులు మానేస్తే పేరు కొట్టేస్తారు, జాగ్రత్త.

ఇట్లు
కుక్కుటేశ్వరరావు

తా.క.: మీ సివిల్ ఐడీలో ఇండియన్ అనే ఉంది. కాని అది వేరే ఫైలండి.

జహ్రా, బుధవారం

కుక్కుటేశ్వరరావు సారుకు,

ఇల్లంటే నేనుండే ఇల్లే అనుకున్నాను. ఇక్కడ ఇంటావిడ, మేం మామా అని పిలిచే ఆమె, అరబ్బీలో అరుస్తుంది, నేను అరబ్బీలోనే జవాబిస్తాను. రాయచోటి ఇంటికి ఇన్నేళ్లలో ఆరుసార్లు పోయాను. అక్కడ నేను చుట్టాన్ని. మరి ఏ ఇల్లని రాయాలి సామీ?

రెండు మంగళవారాలు పోయాయి. మూడోదీ పోతే నా ఉద్యోగం గోవిందా. మీకు కావలసింది ఒక కువైటీ, అంతే కదా? మామా చిన్నకూతురు నూరా చదువైపోయి ఫోను పట్టుకుని కూర్చుంది. నా చేతుల్లో పెరిగిన పిల్ల. దాన్ని పంపిస్తున్నాను. నన్ను శుక్రవారంలో పడేయండి.

మీ కాలేజీకో దండం,
వెంకటేశ్వరి

తా.క.: కరపత్రంలో నా ఫోటో కింద 'మా కువైటీ విద్యార్థిని' అని చూసి మామా నవ్వలేక చచ్చింది. ఆ నవ్వులో తన చాయ్ తనే పెట్టుకుంది, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి.

అబ్బాసియా, సోమవారం

వెంకటేశ్వరి గారికి, తల పట్టుకుని కుక్కుటేశ్వరరావు వ్రాయునది.

మీ నూరా మొన్న శుక్రవారం క్లాసు వేళకు వచ్చిందండి. ఫారం తనే నింపింది. ఇంట్లో మాట్లాడే భాష: తెలుగు!

ఇదేంటమ్మా, మీది అరబ్బీ కదా అన్నాను. "మా యమ్మ అందరిమీదా అరబ్బీలో అరుస్తాది. నాకు బువ్వ పెట్టింది, జో కొట్టింది వెంకమ్మ. అంతా తెలుగులోనే. ఇల్లంటే అదే గదా సామీ?" అంది. కొట్టేద్దామని పెన్ను తీశాను, చెయ్యి రాలేదు.

వెంకమ్మ పక్కన కూర్చోబెడితేనే చేరతానంది. అసలైన కువైటీని వదులుకోలేక మేనేజరు గారు దిగొచ్చారు. మీరు రాని రెండు క్లాసుల గైర్హాజరూ కొట్టేశాం. ఈ శుక్రవారం ఇద్దరూ రండి.

ఇట్లు
కుక్కుటేశ్వరరావు

తా.క.: ఆ పద్నాలుగుమందీ మా గోదావరి వాళ్లే. నూరా మాట్లాడే రాయచోటి యాస వాళ్లకు సగమే అర్థమైందట. అది విని మేనేజరు గారు పదో దేశం దగ్గర రాయచోటి అని రాసుకున్నారు.