అన్నయ్య వరుస నంబరు

వదినా,

ఫోన్లో తడబడతానని రాస్తున్నాను. ఆసుపత్రి కంప్యూటర్లో చోటు చాలక, అక్కర్లేనివనుకుని నిన్న కొన్ని ఫైళ్లు నేనే తీసేశాను. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ల పట్టిక వాటిలోనే ఉంది. తర్వాత ఆ పట్టిక తెరిస్తే లేదంది, కొత్తగా పెట్టబోతే ఉందంది! చివరికి మిగిలిన ఆ ఉత్త ఫైలు పేరు కూడా తొలగించి, పోయిన నెల కాపీ ఎక్కించాను. ఆ కాపీ తీశాక చేరిన పదకొండు మంది అందులో లేరు. వాళ్లలో అన్నయ్య ఒకడు.

అన్నయ్యది పంతొమ్మిదో నంబరని నాకు గుర్తే. మిగతా పదిమందివీ గుర్తులేవు. చేరినప్పుడిచ్చిన నంబరు చీటీ చూపినవాళ్లనే మళ్లీ ఎక్కించమన్నారు పెద్ద డాక్టరుగారు. నీ బీరువా సంగతి తెలిసి కూడా అడుగుతున్నాను, రేపు పదింటికల్లా ఆ చీటీ వెతికి పట్రా.

పొద్దుట్నుంచి అన్నయ్య పేరు రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. మూడోసారి చెరపగలనని నమ్మకం లేదు.

నీ ఆడబిడ్డ