రెండో పైపు పోవలసిన దారి

ఎమ్మిగనూరులో మా సొంత మగ్గాల ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషులు శంకరప్ప భార్య, అరవై మూడేళ్ల కస్తూరమ్మ అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇదే మొదటిది. బుద్ధి సక్రమంగా ఉంది. మనసు స్థిమితంగా ఉందా అంటే, లేదు. పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. రేపు కర్నూలు ఆసుపత్రిలో చేరాలి, ఎల్లుండి గుండె కవాటం మారుస్తారు. అది డాక్టర్లు చూసుకుంటారు. నా బెంగంతా మగ్గాల కొట్టంలో ఉన్న కారు మీద. నేను తిరిగి రాకపోతే దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేస్తారని భయం. అందుకే ఈ రాత.

1. ఇల్లు నా కొడుకు ఉమేష్‌కు, కూతురు వీణకు చెరిసగం. వీధి వైపు వీణకే చెందాలి. ఉమేష్‌కు ఆదోనిలో బట్టల అంగడి ఉంది, కాబట్టి మూతి ముడుచుకోవలసిన పని లేదు. కొట్టాన్ని మాత్రం, ఆ కారు తన ఇంజనుతో తాను బయటికి వచ్చేదాకా, ఎవరూ పంచుకోరాదు, బాడుగకు ఇవ్వరాదు, అందులోని మగ్గం గుంట పూడ్చరాదు.

2. కారు గురించి. ఎర్రటిది, ఇద్దరే కూర్చునేది, రేసుకు పుట్టినది. ఆదోనిలో మూతపడిన ఒక పత్తి మిల్లు గోడౌన్లో దుమ్ము తింటుంటే నా భర్త రెండు మగ్గాలు అమ్మి తెచ్చాడు. ఆ మగ్గాల్లో ఒకటి నాది. అడగకుండా అమ్మినందుకు ఆయన మీద నా కోపం ఇప్పటికీ అలాగే ఉంది, ఆయన పోయినా పోలేదు. మగ్గం పోయాక మిగిలిన గుంటను పొడవు చేసి, దాని మీద కారు నిలిపి, కిందికి దిగి పని చేసేవాడు. ఇంజను సీట్ల వెనక, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ ముందు బంపరు దగ్గర. రెంటినీ కలిపే రెండు ఆయిల్ పైపులు చివికి కారుతున్నాయి. అవి పెట్రోలు ట్యాంకు పైనుంచి పోతాయి, అక్కడ చెయ్యి దూరదు, కన్ను ఆనదు. కొత్త పైపులు తెప్పించి, పార్సిలు విప్పకుండానే ఆయన కన్ను మూశాడు. విప్పింది నేను.

3. మొదటి పైపు నేనే మార్చాను. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే మేము పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతికి లాగుతాం, కొత్త పడుగు దారి వెతుక్కోకుండా పాతదాని వెంటే పోతుంది. అలాగే పాత పైపు కొసకు పురి పెట్టిన నూలు కట్టి ముందు వైపు నుంచి లాగాను. పైపు వచ్చేసింది, దాని చోట దారం మిగిలింది. ఆ దారానికి కొత్త పైపు కట్టి వెనక్కి లాగితే చక్కగా పోయి కూర్చుంది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

4. పక్కింటి సువార్తమ్మ గుంట అంచున కూర్చుని నాకు టార్చి పట్టింది, పట్టినంతసేపూ నన్ను తిట్టింది. ఆమెకు నా ఆకుపచ్చ అంచు పట్టుచీర, ఆ టార్చి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. చీర దాచుకోకుండా ప్రతి ఆదివారం చర్చికి కట్టుకుపోవాలి. ఇది షరతు.

5. కారు వీణకు. ఉమేష్‌కు అందులో సీటు కూడా లేదు, కొట్టం గడప తొక్కే హక్కు అంతకన్నా లేదు. కారణం రాస్తున్నాను. నేను వంటింట్లో ఉన్నప్పుడు వాడు గుంటలోకి దిగి రెండో పైపు పీకి బయట పడేశాడు. దారం కట్టలేదు. పాత పడుగు కోసి పారేశాక కొత్తది దేనికి అతుకుతారు? చేనేత ఇంట పుట్టి, నూలు కండెలు చుట్టి పెరిగినవాడు చేసిన పని ఇది. ఇప్పుడు ఆ పైపుకు దారి లేదు. ముందు నుంచి గట్టి తీగ తోసి, ట్యాంకు పైన చేత్తో తడిమి దాని కొస పట్టుకోవాలి. వీణది సన్నటి చెయ్యి, అందుతుంది. రెండో పైపు బిగించి ఆయిల్ నింపేదాకా ఇంజను తిప్పరాదు. తిప్పితే ఆయిల్ లేక బిగుసుకుపోతుంది.

ఇక్కడిదాకా రాసి, మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఉమేష్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఎదురు చెబుతాడనుకున్నాను. ఒప్పుకున్నాడు. “తెలీక కాదుమ్మా, తెలిసే పీకినాను. గుంటలో దిగొద్దని డాక్టరు సెప్పినా నువ్వు వినలా. దారి లేకపోతే దిగవు గదా అనుకున్యాను.”

వాడి మీద కోపం తగ్గలేదు గానీ ఏడుపు వచ్చింది. వాడూ ఏడ్చాడు. సువార్తమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది.

6. కొత్త కాగితం రాసే ఓపిక లేదు. కాబట్టి అయిదో అంశంలో ఉమేష్‌కు సీటు లేదన్న మాటను, గడప తొక్కరాదన్న మాటను కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. కారు ఇద్దరిదీ. మంగళవారం నన్ను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయాక ఆసుపత్రి బెంచీ మీద వీణ కూర్చుంటుంది. ఉమేష్ కూర్చోరాదు. వాడు ఇంటికి వచ్చి గుంటలోకి దిగి, ఆ పైపుకు దారి వెతకాలి. చెయ్యి పట్టకపోతే పట్టేదాకా చూడాలి. చేతులు ఊరికే ఉంటే వాడికి భయమేస్తుంది. నాకూ అంతే, వాడికి వచ్చింది నా నుంచే. ఇది ఆస్తి కిందికి రాదని ఎవరైనా అంటే, అననీ.

పైన రాసినదంతా నేను చదువుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

ఎమ్మిగనూరు, 9 ఫిబ్రవరి 2025, ఆదివారం

(సంతకం) కస్తూరమ్మ

సాక్షులు:
1. హరికృష్ణ, ఎదురింటి నేతగాడు
2. ఏసన్న, సువార్తమ్మ భర్త