మీ బావ కత్తి

తమ్ముడు సైలస్‌కి,

ఈ చలికాలం నువ్వూ ఉచ్చులు పెడతానన్నందుకు సంతోషం. ఏ కత్తి కొనాలని అడిగావు. అరచెయ్యంత కత్తి చాలు. మొన కాస్త గుండ్రంగా ఉండాలి. సూదిమొన తోలుకు చిల్లు పెడుతుంది. ఉక్కు మరీ గట్టిదైతే అడవిలో సానపట్టలేవు.

మీ బావ కత్తి మాత్రం అడగకు. దాన్ని ఆయన శవపేటికలో నేనే పెట్టాను, నువ్వూ చూశావు.

సరస్సులో ఉచ్చుకు పడ్డ బీవర్‌ని ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒకే కత్తితో ఒలిచేవాళ్లం కదా. నేను తలెత్తకుండా చెయ్యి చాపితే ఆయన పిడివైపు అందించేవాడు. "చూడకుండా చాపకే, ఏదో ఒకరోజు కుక్క తోక పెడతా!" అనేవాడు.

నిన్న గుడిసెలో ఒక్కదాన్నే ఒలుస్తుంటే నా కొత్త కత్తి కొవ్వుకు జారి కిందపడింది. అలవాటుకొద్దీ చెయ్యి చాపాను. అరచేతిలోకి పిడి వచ్చింది. పని పూర్తిచేసి, కుక్కలు ముట్టకుండా దాని ఎముకల్ని మన ఆనవాయితీ ప్రకారం మంచుకు కొట్టిన కన్నంలోంచి సరస్సుకు అప్పగించి వచ్చాక చూద్దును కదా, కొత్త కత్తి ఇంకా నేలమీదే ఉంది. తోలుకు ఒక్క చిల్లు లేదు.

నువ్వు రా, నాకు తోడుంటావు. కానీ ఒలిచేటప్పుడు నాకెదురుగా కూర్చోకు. ఆ చోటు ఖాళీ లేదు.

మీ అక్క