నెయ్యి వేసిన నూడుల్స్

2013 జూలై, ఆదివారం. చిక్కడపల్లి.

పెళ్లైన కొత్తలో కమలకు మాటిచ్చాను, ఆదివారాలు వంట నేనే చేస్తానని. ఆమె పోయేదాకా ఒక్క ఆదివారమూ చేయలేదు.

ఇవాళ మనవరాలు సింధు నారాయణగూడ హాస్టల్ నుంచి భోజనానికి వచ్చింది. ఆ పిల్ల పాలు, పెరుగు, నెయ్యి మానేసి ఏడాదైంది. వాళ్లమ్మ పప్పులో దొంగతనంగా నెయ్యి కలిపిందని ఇంటికి పోవడమే మానుకుంది. అందుకే నూడుల్స్ చేశాను. ఉడికించి, చన్నీళ్లతో కడిగి, క్యాబేజీ, క్యారెట్, సోయా సాస్ వేసి పెద్ద మంట మీద వేయించాను. వడ్డించేటప్పుడు చెయ్యి అలవాటుగా నేతిగిన్నెలోకి పోయింది.

"తాతా, నెయ్యి వెయ్యలే కద?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "వేసిన బిడ్డా, మర్చిపోయి."

ప్లేటు పక్కకు జరిపింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను.

"నువ్వన్నా నిజం చెప్పినవ్. మళ్ల చెయ్యి, నేనీడనే నిలబడత," అంది.

రెండోసారి పది నిమిషాల్లో అయింది. కడుపు నిండా తిన్నది.

పది నిమిషాల పని! కమలకు మాటిచ్చాక ఆ మొదటి ఆదివారం నేను స్టవ్ ముట్టించగానే గుమ్మంలోంచి, "ఏంరా, పెండ్లాం గాజులు గూడ తొడుక్కుంటవా?" అని ఒక నవ్వు వినిపించింది. ఇన్ని పుస్తకాలు చదివినా ఆ నవ్వు నన్ను వదల్లేదు. స్టవ్ ఆర్పింది నేనే, తెలుసు. అయినా ఇవాళ్టికీ క్షమించలేదు, మా అక్క అనసూయను.