చల్లబడిందన్న మాట

చెల్లెమ్మకి,

అందరం క్షేమం అని మొదలుపెడదామంటే కాలూ చెయ్యీ ఆడట్లేదే. తీరం వెంబడి గాలి పదిరోజులుగా బాగానే కొడుతోంది. ఈ గాలికి అడుగునున్న చల్లనీళ్లు పైకి రావాలి, వాటి వెంట చేప రావాలి. రోజూ తెల్లారగానే నీళ్లలో చెయ్యి పెడుతున్నాను. గోరువెచ్చగా తగులుతోంది. నేను చల్లబడిందంటే తప్ప వేటకి ఒక్క పడవా కదలదని నీకు తెలుసుగా. మా బామ్మర్దయితే "ఏం బావా, నీ చెయ్యి అలిగిందా?" అని ఎకసెక్కాలు. సముద్రం గురించి చదివినదానివి, ఎందుకిలా అవుతోందో చెప్పు.

నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

మా ఓడ మీంచి కొలతలు తీశాం. పైనీళ్లు ఎన్నడూ లేనంత వేడెక్కాయి. వేడినీళ్లు తేలిక కదా, చల్లనీళ్ల మీద మూతలా కూర్చున్నాయి. గాలి మంచిదే, కానీ పైన వెచ్చనీళ్లని తోసి, కిందనుంచి మళ్లీ వెచ్చనీళ్లనే తెస్తోంది. అడుగుదాకా దాని బలం చాలట్లేదు. చేపల మేతకి కావాల్సిన సారమంతా ఆ అడుగునే ఉండిపోయింది. నీ చెయ్యి నిజమే చెబుతోంది. పడవల్ని పంపకు. వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లి

చెల్లీ,

పోయిన సోమవారం చల్లబడిందన్నాను. పదకొండు పడవలు వెళ్లాయి. వాటిలో పది పడవలు ఖాళీ వలలతో తిరిగొచ్చాయి. బామ్మర్ది మాత్రం "బావ చెయ్యి అబద్ధం చెప్పదు, ఇంకాస్త ముందుకెళ్లి చూస్తా" అన్నాడట. సాయంత్రానికి గాలి ముదిరింది. నిన్న వాడి పడవ పలక ఒకటి దొరికింది. మీ వదిన గడప వదిలి లేవట్లేదు.

అన్నయ్య

అన్నయ్యా,

వాడు నాకంటే చిన్నవాడు. ఆ సోమవారం కొలతలు మళ్లీ మళ్లీ చూశాను. నీళ్లు వెచ్చగానే ఉన్నాయి. నీ చెయ్యి మొద్దుబారుతోందేమో, డాక్టరుకి చూపించు. ఇందులో నీ తప్పేం లేదు, నిన్ను నువ్వు తిట్టుకోకు. ఆదివారానికల్లా వచ్చేస్తాను.

నీ చెల్లి

చెల్లెమ్మా,

డాక్టరు అక్కర్లేదు. నా చెయ్యి బాగానే ఉంది. ఆ రోజూ నీళ్లు గోరువెచ్చగానే తగిలాయి. నీ ఉత్తరం అప్పటికే నా చొక్కా జేబులో ఉంది, రెండుసార్లు చదివాను కూడా. చెయ్యి పైకి తీసి చూస్తే ఒడ్డు నిండా జనం, మూడు వారాలుగా పనిలేక ఇళ్లలో కూర్చున్నవాళ్లు. అందరి కళ్లూ నా చేతి మీదే. ఇవాళా కాదని ఆ మొహాలకి చెప్పలేకపోయానే. చల్లబడిందన్నాను. బామ్మర్ది ఎగిరి గంతేశాడు.

మీ వదిన సముద్రాన్ని శాపనార్థాలు పెడుతోంది. నన్ను మాత్రం "మీరేం చేస్తారండీ, మీ చేతినే మోసం చేసింది" అని దగ్గర కూర్చుని ఓదారుస్తోంది. ఆ ఓదార్పే భరించలేకపోతున్నాను. రెండుసార్లు చెబుదామని వెళ్లి, మంచినీళ్లడిగి వచ్చేశాను. నువ్వొచ్చాక ఈ ఉత్తరం తనకి చదివి వినిపించు. నేను పక్కగదిలోనే ఉంటాను.

నీ అన్నయ్య